వ్యాపార ముద్రకు ఏ పనికి ఏ ఫైలు తగును?

పంటను పండించుట ఎంత ముఖ్యమో, పండిన పంటను మంచి ధరకు అమ్ముకొనుట కూడ అంత ముఖ్యము. నేడు అనేక గ్రామములలో రైతు ఉత్పత్తిదారుల సంఘములు, మహిళా సంఘములు, కొందరు రైతులు స్వయముగను పసుపు, కారము, బెల్లము, గానుగ నూనె, బియ్యము, మామిడి తాండ్ర మొదలగు సరకులను తమ పేరుతో ప్యాకెట్లలోను, సంచులలోను అమ్ముచున్నారు. సరకు నచ్చినవారు మరల దానినే వెదకి కొనుటకు ఆధారము ప్యాకెట్టుపై నుండు గుర్తు. దీనినే వ్యాపార ముద్ర లేక లోగో అందురు.

ముద్ర ఎట్లుండవలెనని సంఘమువారు చాల చర్చింతురు. నాగలి పెట్టవలెనా, వరి కంకి పెట్టవలెనా, రంగు ఏది అని రెండు మూడు సమావేశములలో మాటలాడుకొందురు. కాని ఆ బొమ్మను కంప్యూటరులో ఏ రూపమున భద్రపరచవలెననునది ఆలోచించువారు తక్కువ. డి.టి.పి. దుకాణమున గీయించి, వాట్సాపు ద్వారా ఫోనునకు తెప్పించుకొని, పని పూర్తియైనదనుకొందురు.

చిక్కు తరువాత వచ్చును. ఒక సంఘము పసుపు పొడి ప్యాకెట్లకు ముద్ర గీయించినదనుకొనుడు. మొదట చిన్న కాగితపు లేబుళ్ళు వేయించిరి, బాగుగనే వచ్చినవి. ఏడాది తరువాత 25 కిలోల సంచులపై అదే ముద్రను పెద్దదిగా వేయించదలచి ఫోనులోని బొమ్మను అచ్చాఫీసునకు పంపిరి. "ఇది పనికిరాదు, అసలు ఫైలు తెండి" అని జవాబు వచ్చినది. అప్పటికి ముద్ర గీసిన కుర్రవాడు దుకాణము మూసి వేరే ఊరు పోయెను. ఇక మిగిలినవి రెండే దారులు. మసక బొమ్మనే అచ్చు వేయించుట ఒకటి. మరియొకరిచేత చూచి గీయించుట రెండవది. చూచి గీసినది పాతదానివలె ఉండదు. లేబులుపై ఒక ముద్ర, సంచిపై వేరొక ముద్ర కనబడినచో కొనువాడు "ఇది నకిలీ సరకేమో" అని వెనుకాడును. సంవత్సరముల తరబడి సంపాదించుకొన్న మంచి పేరునకు ఇది నష్టము.

ఈ నష్టము రాకుండ చేసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు. నాలుగైదు రకముల ఫైళ్ళ స్వభావము, ఏది ఏ పనికి తగునో తెలిసికొన్న చాలును.

బొమ్మలు రెండు రకములు

కంప్యూటరులో బొమ్మను రెండు విధములుగా దాచవచ్చును. మొదటిది చుక్కల బొమ్మ. రెండవది గీతల బొమ్మ.

చుక్కల బొమ్మలో చిత్రమంతయు చిన్న చిన్న చదరపు చుక్కలుగా విడగొట్టబడి, ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క రంగు వ్రాయబడి యుండును. ఈ చుక్కలను పిక్సెళ్ళు అందురు. ఫోనుతో తీసిన ఫోటోలన్నియు ఈ రకమునకు చెందినవే.

గీతల బొమ్మలో చుక్కలుండవు. "ఇచ్చట నుండి అచ్చటి వరకు గీత, ఇంత వంపు, ఇంత వ్యాసార్ధముతో వృత్తము, లోపల ఈ రంగు" అని కొలతలు మాత్రమే యుండును. దీనినే వెక్టరు బొమ్మ అని కంప్యూటరు పనివారు పిలుతురు.

ఈ భేదము రైతులకు క్రొత్త కాదు. మీ పొలమునకు సర్వేవారు తయారుచేసిన కొలతల పటము ఒకటి యుండును. ఆంధ్ర ప్రాంతమున దీనిని ఎఫ్.ఎం.బి. అనియు, తెలంగాణలో టిప్పన్ అనియు పిలుతురు. అందులో ప్రతి గట్టుకు కొలత యున్నది. కావున ఆ పటమును అరచేయి యంత కాగితముపై గీసినను, గోడ యంత గుడ్డపై గీసినను, పొలము ఆకారము చెడదు. అదే పొలమును మిద్దె మీది నుండి ఫోటో తీసి, ఆ ఫోటోను గోడ యంత పెంచినచో గట్టు ఎక్కడనో, కాలువ ఎక్కడనో తెలియకుండ అలుకుకొనిపోవును. ఎఫ్.ఎం.బి. గీతల బొమ్మ వంటిది. ఫోటో చుక్కల బొమ్మ.

ముద్ర అనునది ఒకసారి గోరంత, ఒకసారి గోడంత కావలసిన వస్తువు. అందువలన దానిని మొట్టమొదట గీతల బొమ్మగనే గీయించవలెను.

చుక్కల లెక్క

చుక్కల బొమ్మను ఎంత వరకు పెంచవచ్చునో లెక్క చూచుకొనవచ్చును. చేతిలో పట్టుకొని చూచు లేబుళ్ళు, ప్యాకెట్ల వంటి వాటికి అంగుళమునకు 300 చుక్కలుండవలెనని అచ్చు పనివారి నియమము. రెండంగుళముల వెడల్పు గల లేబులుకు 2 × 300, అనగా 600 చుక్కల వెడల్పు గల బొమ్మ చాలును. 15 అంగుళముల వెడల్పున సంచిపై వేయుటకు ఇదే లెక్కన 4,500 చుక్కలు కావలెను.

మీ ఫోనులో నున్న బొమ్మ 400 చుక్కల వెడల్పు గలదనుకొనుడు. దానిని 15 అంగుళములకు సాగదీసినచో అంగుళమునకు 27 చుక్కలు మాత్రమే వచ్చును. ఒక్కొక్క చుక్క దాదాపు ఒక మిల్లీమీటరు చదరమై, అక్షరముల అంచులు మెట్ల వలె కనబడును. ఒక ఎకరమునకు సరిపడు వరి నారును పది ఎకరములలో నాటినట్లగును. నారు మంచిదే, కాని పొలము బోసిగా నుండును. కంప్యూటరులో బొమ్మను లాగి పెద్దది చేసినంత మాత్రమున లేని చుక్కలు పుట్టవు. నడుమ ఖాళీలను కంప్యూటరు అంచనాగా నింపును, అదియే మసక.

దూరము నుండి చూచు బోర్డులకు, ఫ్లెక్సీలకు ఇన్ని చుక్కలు అక్కరలేదు. అంగుళమునకు 72 నుండి 100 చాలును. అయినను పది అడుగుల ఫ్లెక్సీకి 72 చొప్పున 8,640 చుక్కలు కావలసివచ్చును. గీతల బొమ్మకు ఈ లెక్కయే అక్కరలేదు.

మూల ఫైలు విత్తనము వంటిది

బ్రీడరు విత్తనము నుండి మూల విత్తనమును, దానినుండి ధ్రువీకరణ విత్తనమును పండింతురు. ఈ వరుస ముందునకే గాని వెనుకకు నడవదు. మిల్లు పట్టిన బియ్యము నుండి విత్తనమును తయారుచేయలేము గదా. ఫైళ్ళ విషయము కూడ ఇంతే. గీతల ఫైలు నుండి ఎన్ని చుక్కల ఫైళ్ళనైనను, ఏ పరిమాణమున నైనను క్షణములో తీయవచ్చును. చుక్కల ఫైలు నుండి గీతల ఫైలును తిరిగి పొందుట కష్టము, మరల గీయవలసినదే. కావున గీతల ఫైలును మూల ఫైలుగా భావించి జాగ్రత్త చేసికొనవలెను. తక్కిన వన్నియు దాని నుండి అవసరమును బట్టి తీసికొనునవి.

ఇక ఒక్కొక్క రకమును గూర్చి తెలిసికొందము. ఫైలు పేరు చివర చుక్క పెట్టి వ్రాసిన మూడు నాలుగు అక్షరములను బట్టి దాని రకము తెలియును.

జె.పి.జి.

దీనినే జేపెగ్ అని కూడ అందురు. 1992లో ప్రమాణముగా వెలువడినది. ఇది చుక్కల ఫైలు. ఫోటోల కొరకే పుట్టినది. ఫోటోలోని చుక్కలను 8 × 8 చొప్పున చిన్న మళ్ళుగా విభజించి, ప్రతి మడిలోను కంటికి అంతగా తెలియని సూక్ష్మ భేదములను విడిచిపెట్టును. అందువలన ఫైలు చాల చిన్నదగును. పొలము, పంట, మనుషుల ఫోటోలలో ఈ నష్టము కనబడదు.

ముద్రలో సంగతి వేరు. తెల్లని నేలపై నల్లని అక్షరమున్నచోట అంచు పదునుగా నుండవలెను. జె.పి.జి. విడిచిపెట్టునది ఆ పదునునే. అక్షరముల చుట్టును ఆకుమచ్చ తెగులు సోకినట్లు బూడిదరంగు మరకలు ఏర్పడును. ఫైలును తెరచి, మార్చి, మరల దాచినపుడెల్ల మరికొంత నష్టము కలుగును. పోయినది తిరిగి రాదు.

రెండవ లోపము, జె.పి.జి.లో పారదర్శకమైన నేల ఉండదు. బొమ్మ చుట్టును తెల్లని చదరము తప్పదు. పసుపుపచ్చని సంచిపై ఆకుపచ్చ ముద్ర వేయదలచినచో నడుమ తెల్ల గుడ్డ ముక్క అతికినట్లు కనబడును.

కావున ముద్రకు జె.పి.జి.ని మూల ఫైలుగా ఎన్నడును ఉంచుకొనరాదు. ఎవరైనను జె.పి.జి.యే కావలెనని అడిగినపుడు మాత్రము మూల ఫైలు నుండి తీసి యియ్యవలెను.

పి.ఎన్.జి.

ఇది 1996లో వచ్చినది. ఇదియు చుక్కల ఫైలే గాని, ఒక్క చుక్కను కూడ పోగొట్టదు. ఒకే విధముగా మరల మరల వచ్చు భాగములను క్లుప్తముగా వ్రాసికొని స్థలమును ఆదా చేయును. ముద్రలలో ఒకే రంగు విస్తారముగా పరచుకొని యుండును గనుక, వాటికి ఈ పద్ధతి చక్కగా సరిపోవును. ఎన్నిసార్లు తెరచి దాచినను అంచులు చెడవు.

దీనిలో నేలను పారదర్శకముగా ఉంచవచ్చును. ఏ రంగు సంచి బొమ్మపై పెట్టినను ముద్ర మాత్రమే కనబడును, తెల్ల చదరముండదు. ఫోనులో చూపుటకు, వాట్సాపు ప్రకటనలకు, బిల్లులపై, ధరల పట్టికలపై పెట్టుటకు పి.ఎన్.జి. మిక్కిలి అనుకూలము.

దీని హద్దు కూడ తెలియవలెను. చుక్కల ఫైలు గనుక తీసిన పరిమాణమునకు మించి పెంచరాదు. అచ్చు యంత్రముల నాలుగు సిరాల రంగులను ఇది తనలో దాచుకొనలేదు.

పాతకాలపు జిఫ్ ఫైలు 1987 నాటిది. దానిలో 256 రంగులకు మించి పట్టవు. కదలు బొమ్మలకు తప్ప ముద్రలకు నేడు దానితో పని లేదు. వెబ్‌పి అను రకము 2010లో వచ్చినది. ఇంటర్నెట్టులో పుటలు త్వరగా తెరచుకొనుటకు ఉపయోగించును. మీకు వెబ్‌సైటు ఉన్నచో దానిని తయారుచేయువారు చూచుకొందురు.

ఎస్.వి.జి., పి.డి.ఎఫ్.

ఇవి గీతలను దాచగల ఫైళ్ళు. ఎస్.వి.జి. 2001లో వెబ్ ప్రమాణముగా ఆమోదింపబడినది. ఈ ఫైలును సాధారణ అక్షరముల కార్యక్రమమున తెరచినచో లోపల మాటలు, అంకెలు కనబడును. అవియే గీతల కొలతలు. ఇది ఒక కంపెనీ సాధనమునకు కట్టుబడినది కాదు. ఉచితముగా లభించు ఇంక్‌స్కేపు అను సాధనముతో ఎవరైనను తెరచి, సవరించి, మరల దాచవచ్చును. పది పదిహేనేళ్ళ తరువాత కూడ తెరచుకొనవలసిన మూల ఫైలునకు ఇది మంచి గుణము.

పి.డి.ఎఫ్. 1993లో వచ్చినది, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అచ్చాఫీసులు సాధారణముగా కోరునది ఇదే. అచ్చు సిరాల రంగులను దీనిలో భద్రపరచవచ్చును. కాని ఒక జాగ్రత్త అవసరము. పి.డి.ఎఫ్. ఒక సంచి వంటిది. దానిలో గీతల బొమ్మను పెట్టవచ్చును, జె.పి.జి. ఫోటోను కూడ పెట్టవచ్చును. సంచి మార్చినంత మాత్రమున లోపలి విత్తనము మారదు. ఎస్.వి.జి.లో కూడ కొందరు ఇట్లే చుక్కల బొమ్మను దూర్చి యిత్తురు.

పరీక్ష సులభము. ఫైలును తెరచి, ఒక అక్షరపు అంచు కనబడునట్లు తెరపై పది ఇరువది రెట్లు పెంచి చూడుడు. అంచు నున్నగా, పదునుగా నున్నచో గీతల బొమ్మ. మెట్లు మెట్లుగా గాని, మసకగా గాని ఉన్నచో అది చుక్కల బొమ్మయే. ఈ పరీక్ష చేయకుండ డబ్బు చెల్లించరాదు.

మన దుకాణములలో చాలమంది కోరెల్‌డ్రాతో పనిచేయుదురు. దాని ఫైలు సి.డి.ఆర్. మరికొందరు ఇలస్ట్రేటరుతో గీయుదురు. దాని ఫైలు ఏ.ఐ. ఇవియు గీతల ఫైళ్ళే. గీసినవారి అసలు పని వీటిలోనే యుండును గనుక తప్పక అడిగి తీసికొనుడు. అయితే వీటిని తెరచుటకు ఆ సాధనములే కావలసివచ్చును. అందుచేత వాటితోబాటు ఎస్.వి.జి., పి.డి.ఎఫ్. కూడ తీసికొనవలెను.

తెలుగు అక్షరముల విషయమున జాగ్రత్త

మన ముద్రలలో పేరు తెలుగులో నుండును. ఇచ్చట ఇంకొక ప్రమాదము కలదు. గీతల ఫైలులో అక్షరములు రెండు విధములుగా నుండవచ్చును. మొదటిది, "ఈ ఫాంటులో ఈ పేరు" అని చెప్పి ఊరకుండుట. రెండవది, అక్షరముల ఆకారమునే గీతలుగా మార్చి దాచుట.

మొదటి విధముగా దాచిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో వేరొక ఫాంటు వచ్చి చేరును. గుడి ఒకచోట, వత్తు ఒకచోట పడవచ్చును. అను ఫాంటుల వంటి పాత పద్ధతి అక్షరములైనచో తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడును. తెలుగు చదువురాని ఊరి అచ్చాఫీసులో ఆ తప్పును గుర్తించువారుండరు. సంచులు అచ్చై వచ్చిన తరువాతనే తెలియును.

కావున ముద్ర ఖాయమైన తరువాత అక్షరములను గీతలుగా మార్పించవలెను. కోరెల్‌డ్రాలో "కన్వర్ట్ టు కర్వ్స్" అనియు, ఇలస్ట్రేటరులో "క్రియేట్ ఔట్‌లైన్స్" అనియు, ఇంక్‌స్కేపులో "ఆబ్జెక్ట్ టు పాత్" అనియు ఈ పనికి పేర్లు కలవు. ఇట్లు మార్చిన పిమ్మట అక్షరములను దిద్దుట వీలుకాదు. అందువలన ముందుగా వత్తులు, దీర్ఘములు సరిచూచుకొనవలెను. మార్చని ప్రతిని ఒకటి, మార్చిన ప్రతిని ఒకటి వేరువేరుగా ఉంచుకొనుట మేలు.

రంగులు

ఫోను తెరపై రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల కలయికతో ఏర్పడును. కాగితముపై రంగులు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలతో ఏర్పడును. తెరపై మెరయు లేత ఆకుపచ్చ, నిండు నారింజ వంటి కొన్ని రంగులు ఈ సిరాలతో రావు; అచ్చులో కొంచెము చప్పగా దిగును. ఇది అచ్చాఫీసువారి మోసము కాదు, సిరాల స్వభావము.

దీనికి రెండు ఉపాయములు కలవు. ముద్రలోని ప్రతి రంగునకు నాలుగు సిరాల పాళ్ళు ఎంతెంతయో గీసినవారి చేత వ్రాయించుకొనుడు. ఏటేటా అదే పాళ్ళు ఇచ్చినచో రంగు మారుట తగ్గును. పెద్ద పనికి ముందు, అసలు వస్తువుపైననే ఒక నమూనా వేయించి పగటి వెలుతురులో చూడుడు.

రంగుల సంఖ్య తక్కువగా నుండుట కూడ లాభము. ప్లాస్టిక్ ప్యాకెట్లకు చేయు రోటోగ్రావ్యూరు అచ్చులో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క లోహపు సిలిండరు చెక్కవలెను. నేత సంచులపై వేయు అచ్చులో రంగునకొక పలక, స్క్రీను అచ్చులో రంగునకొక తెర కావలెను. సిలిండరు చెక్కిన తరువాత తప్పు బయటపడినచో దిద్దుటకు వీలులేదు, క్రొత్తది చెక్కించవలసినదే. చెడు ఫైలు వలన కలుగు నష్టములో పెద్దది ఇదే. రెండు రంగుల ముద్రను, దానితోబాటు ఒకే రంగు నలుపు ముద్రను కూడ మొదటనే గీయించుకొనుట తెలివైన పని.

ఏ పనికి ఏ ఫైలు

(1) ప్లాస్టిక్ ప్యాకెట్లు, నేత సంచులు, అట్టపెట్టెలు: గీతలతో నున్న పి.డి.ఎఫ్., అక్షరములు గీతలుగా మార్చినది. అచ్చాఫీసువారు అడిగినచో సి.డి.ఆర్. లేక ఏ.ఐ. ప్రతి.

(2) గోనె సంచులపై వేయు రేకు అచ్చు, రబ్బరు ముద్ర: ఒకే రంగు నలుపు గీతల ఫైలు. లేజరుతో కోయు యంత్రము గీతలను అనుసరించియే కోయును.

(3) తూకపు యంత్రముతో జతపడు చిన్న లేబుళ్ళు: ఈ యంత్రములు వేడితో నల్లగా మాత్రమే వేయును. చాలవాటికి అంగుళమునకు 203 చుక్కలు. బూడిద రంగు ఛాయలు లేని, కచ్చితముగా కావలసిన పరిమాణమున తీసిన నలుపు తెలుపు పి.ఎన్.జి. ఇయ్యవలెను. సన్నని గీతలు ఇందులో మాయమగును గనుక నలుపు ముద్రను కొంచెము దళసరిగా గీయించుడు.

(4) ఫ్లెక్సీలు, దుకాణపు బోర్డులు, బండ్లపై పెయింటు: గీతల పి.డి.ఎఫ్. చేతితో వ్రాయు పెయింటరునకు కూడ ఇదే పెద్దగా అచ్చు తీసి యిచ్చినచో ఆకారము చెడదు.

(5) వాట్సాపు, ఫేస్‌బుక్కు వంటివి: చతురస్రముగా 1,000 చుక్కల పి.ఎన్.జి. ఖాతా బొమ్మను వృత్తములో చూపుదురు గనుక ముద్రచుట్టు కొంత ఖాళీ విడువవలెను. లేనిచో మూలలు తెగిపోవును.

(6) వెబ్‌సైటు: ఎస్.వి.జి. లేక పి.ఎన్.జి.

(7) ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషను: ఆన్‌లైను దరఖాస్తునకు బొమ్మను జె.పి.జి.గా జతపరచుదురు. బొమ్మ 8 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పునకు మించరాదు. అంగుళమునకు 300 చొప్పున ఇది సుమారు 945 చుక్కలు. మూల ఫైలు నుండి ఈ కొలతకు నేరుగా తీసినచో స్పష్టముగా నుండును. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము ప్రకారము, రంగుల పరిమితి లేకుండ రిజిస్టరైన ముద్ర అన్ని రంగులకు రిజిస్టరైనట్లే భావింపబడును. కావున నలుపు తెలుపు ప్రతి ఇచ్చట కూడ అక్కరకు వచ్చును. రిజిస్ట్రేషను పది సంవత్సరములు అమలులో నుండును. తరువాత మరల పొడిగించుకొనవలెను.

ప్యాకెట్లపై ఆగ్‌మార్కు, శాకాహార గుర్తు వంటివి కూడ ఉండవచ్చును. ఇవి మీ ముద్రలు కావు. ఆగ్‌మార్కు 1937 నాటి శ్రేణీకరణ చట్టమునకు చెందిన నాణ్యతా చిహ్నము. అనుమతి పొందినవారే వాడవలెను. అట్టి గుర్తులను ఇంటర్నెట్టులో దొరికిన మసక బొమ్మల నుండి అంటించక, నిబంధనలలో చెప్పిన ఆకారము, కొలతలను అనుసరించి గీతలతో గీయించవలెను.

పంపునపుడు చేయు పొరపాటు

మంచి ఫైలును కూడ పంపు విధమున చెడగొట్టవచ్చును. వాట్సాపులో బొమ్మను ఫోటోగా పంపినచో అది ఫైలును కుదించి జె.పి.జి.గా మార్చును. పారదర్శకమైన నేల పోవును. అదే బొమ్మను "డాక్యుమెంటు"గా జతచేసి పంపినచో ఉన్నదున్నట్లు చేరును. ఈమెయిలు ద్వారా పంపినను ఇబ్బంది లేదు. తెరపై కనబడు బొమ్మను స్క్రీన్‌షాటు తీసి పంపుట అన్నిటికంటె చెడ్డ పద్ధతి.

ఫైలు పేరు చివర నున్న అక్షరములను దిద్ది జె.పి.జి.ని పి.ఎన్.జి. అని వ్రాసినను లాభము లేదు. పేరు మారును గాని గుణము మారదు.

గీయించునపుడు ఒప్పందము

ముద్ర గీయువారితో ముందుగనే మాటలాడి, ఒక కాగితముపై ఈ క్రింది అంశములను వ్రాసికొనవలెను.

మూల ఫైలు, ఎస్.వి.జి., పి.డి.ఎఫ్., పారదర్శకమైన పి.ఎన్.జి. అన్నియు ఇయ్యవలెను. రంగుల ప్రతి, నలుపు ప్రతి, ముదురు నేలపై వేయుటకు తెలుపు ప్రతి ఉండవలెను. వాడిన ఫాంటు పేరు, రంగుల పాళ్ళు వ్రాసి యియ్యవలెను. ముద్రపై హక్కులు సంఘమునకు బదిలీ చేయవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా నుండవలెను, నోటిమాట చాలదు. చివరి విడత డబ్బు ఫైళ్ళు చేతికి వచ్చి, పైన చెప్పిన పరీక్షలో నిలిచిన తరువాతనే చెల్లించవలెను.

ఇటీవల కొందరు కృత్రిమ మేధ సాధనములతో ముద్రలు తయారు చేసికొనుచున్నారు. సాధారణముగా ఇవి ఇచ్చునవి చుక్కల బొమ్మలే. తెలుగు అక్షరములను తప్పుగా గీయుట కూడ కలదు. వాటిని ఊహకు మాత్రము ఉపయోగించుకొని, ముద్రను తెలిసినవారిచేత గీతలతో తిరిగి గీయించుట మంచిది. ఇతరుల ముద్రను పోలియున్నదేమో కూడ చూచుకొనవలెను.

మూల ఫైలు పోయినవారు ఏమి చేయవలెను?

మొదట గీసినవారిని, తరువాత గతములో అచ్చు వేసిన అచ్చాఫీసులను అడుగుడు. పాత పనుల పి.డి.ఎఫ్.లు వారి వద్ద నిలువ యుండవచ్చును. ఎక్కడను దొరకనిచో మీ వద్ద నున్న వాటిలో అన్నిటికంటె పెద్దది, స్పష్టమైనది ఏరి, దానిపై గీతలతో తిరిగి గీయించుడు. బొమ్మను తనంతట గీతలుగా మార్చు సౌకర్యము ఇంక్‌స్కేపు, కోరెల్‌డ్రాలలో కలదు. సామాన్యమైన నలుపు తెలుపు ఆకారములకు అది కొంతవరకు పనిచేయును. మసక జె.పి.జి. నిచ్చినచో మరకలను కూడ గీతలుగా మార్చి, అంచులను వంకరటింకర చేయును. తెలుగు అక్షరముల వంపులను చేతితో సరిదిద్దించక తప్పదు.

తిరిగి గీసిన ముద్రను పాత ప్యాకెట్టు ప్రక్కన పెట్టి పోల్చి చూచి, సంఘ సమావేశమున ఆమోదించి, ఆ దినము నుండి దానిని ఒక్కదానినే వాడవలెను. ఈ ఖర్చు ఒక్కసారిది. సంచులు వేయించునపుడెల్ల క్రొత్తగా గీయించుట కంటె ఇది చవుక.

భద్రపరచుట

విత్తనమును పురుగు పట్టని చోట, తేమ తగలని చోట దాచినట్లే మూల ఫైలును కూడ దాచవలెను. ఒకే ఫోనులో ఉంచుట మంచిది కాదు. సంఘపు కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, సంఘము పేర నున్న ఈమెయిలు లేక డ్రైవు ఖాతాలో ఒకటి, ఇట్లు మూడు చోట్ల ఉంచుడు. ఖాతా కార్యదర్శి సొంత పేర నుండరాదు. పాలకవర్గము మారినపుడు ఫైలు ఆయనతోబాటు పోవును. ఫైలు పేరులో సంఘము పేరు, రంగు, సంవత్సరము వ్రాయుడు. మూల ఫైలును దిద్దవలసివచ్చినపుడు ప్రతి తీసి, ఆ ప్రతినే దిద్దుడు. ఫైళ్ళు ఎక్కడ ఉన్నవో సంఘపు తీర్మానముల పుస్తకములో వ్రాసియుంచిన, క్రొత్తవారు వచ్చినను వెదకుకొనవలసిన పని యుండదు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

ముద్రను గీతలతో గీయించుడు. మూల ఫైలును చేతికి తీసికొనుడు. తెరపై పెంచి పరీక్షించుడు. తెలుగు అక్షరములను గీతలుగా మార్పించుడు. అచ్చునకు పి.డి.ఎఫ్., ఫోనునకు పి.ఎన్.జి., అడిగినచోట మాత్రమే జె.పి.జి. ఇయ్యుడు. వాట్సాపులో డాక్యుమెంటుగా పంపుడు. మూడు చోట్ల దాచుడు.

ఈ వ్యాసము చదివిన నాడే మీ సంఘపు ముద్ర ఫైలును తెరచి, ఒక అక్షరపు అంచును పెంచి చూడుడు. అంచు పదునుగా నున్నచో వెంటనే రెండు ప్రతులు తీసి దాచుడు. మసకగా నున్నచో గీసినవారు అందుబాటులో నుండగనే, వచ్చే పంటకు సంచులు ఆర్డరు ఇయ్యకముందే, మూల ఫైలును సంపాదించుకొనుడు.